అలల తొట్టి కిట్: నీటిలోకి సాగే ఇసుక తిన్నెను (స్పిట్) చక్కగా కడుతుంది, వాలును మాత్రం నమ్మకండి

లాంగ్‌షోర్ డ్రిఫ్ట్‌ను, అంటే తీరం వెంట ఇసుక పక్కకు కదలడాన్ని, బోర్డు మీద బాణాలతో చెబితే సగమే అర్థమవుతుంది. అల ఏటవాలుగా ఎక్కి, నీరు వాలు వెంట తిన్నగా కిందికి జారి, ప్రతి అలకూ ఇసుక ఒక్కో మెట్టు పక్కకు జరగడం ఈ తొట్టిలో కళ్లకు కడుతుంది. కొనదగ్గ వస్తువే.

తొట్టి పొడవు 120 సెం.మీ., వెడల్పు 60. ఇసుక 5 కిలోలే ఇచ్చారు, ఏ మూలకూ చాలదు. పొడవాటి గోడ వెంట 30 సెం.మీ. వెడల్పు, 8 సెం.మీ. ఎత్తున ఒడ్డు పేర్చాలంటే 20 కిలోలు దాటుతుంది. అర మిల్లీమీటరు లోపు ఇసుక తెచ్చి, నీళ్లు తేటపడేదాకా కడగండి. మన్ను మిగిలితే ఏమీ కనపడదు.

నిమిషానికి ఎన్ని అలలన్నదే ముఖ్యమని కరపత్రం చెబుతోంది. అది సగం నిజం. అల ఎత్తుకూ పొడవుకూ ఉన్న నిష్పత్తే అసలు సంగతి. 6 సెం.మీ. నీటిలో సెకనుకో అల, 1 సెం.మీ. ఎత్తున వస్తే ఇసుక ఒడ్డెక్కి మెట్టు కడుతుంది. అరసెకనుకొకటి, 2 సెం.మీ. ఎత్తున కొడితే అదే ఇసుక లోపలికి పోయి నీటికింద తిన్నె అవుతుంది. ఎదుటి గోడకు స్పాంజి ఆనించకపోతే అలలు తిరిగొచ్చి రెండూ చెడతాయి.

స్పిట్ కోసం తీరాన్ని సగం దాకా తిన్నగా పేర్చి అక్కడ వెనక్కి మళ్లించండి. మలుపు దగ్గర అల బలం తగ్గి ఇసుక దిగుతుంది, తిన్నె నీటిలోకి సాగుతుంది. అలలు పుట్టించే తెడ్డు దిశ కాసేపు మారిస్తే కొన కొక్కెంలా వంగుతుంది. ఎగువన చెంచాతో ఇసుక వేస్తూ ఉండాలి, లేదంటే అక్కడి ఒడ్డే కోసుకుపోతుంది. టోంబోలోకు, అంటే ఒడ్డును రాయితో కలిపే ఇసుక తిన్నెకు, రాయిని ఒడ్డు నుంచి దాని పొడవు కన్నా తక్కువ దూరంలో పెట్టండి. రెండింతల దూరమైతే ఇసుక ముక్కులా పొడుచుకొచ్చి ఆగిపోతుంది.

వాలు కొలిచి నిజమైన బీచ్‌తో పోల్చకండి. సన్న ఇసుక బీచ్‌లకు వాలు కొద్ది డిగ్రీలే. తొట్టిలోని చిట్టి అలలకు ఇదే ఇసుక గులకరాళ్లలా పనిచేస్తుంది. ఎక్కిన నీరు ఇంకిపోతుంది, వెనక్కి లాగే బలం చాలదు, ఒడ్డు నిక్కుతుంది.

నీళ్లు వదిలే రంధ్రానికి జల్లెడ లేదు. పలచటి గుడ్డ కట్టాకే తెరవండి.