కొత్తపేట దాటాక తేనె పెట్టెల షాపు: మీడ్ పెట్టడానికి పనికొచ్చే తేనె

రావులపాలెం నుంచి అమలాపురం వెళ్లే రోడ్డులో కొత్తపేట దాటాక కొబ్బరి తోటలో పెట్టెలు పెట్టుకుని, రోడ్డు వైపు రేకుల షెడ్డులో తేనె అమ్ముతున్న భార్యాభర్తలున్నారు. బోర్డు కూడా సరిగ్గా కనిపించదు, నెమ్మదిగా వెళ్తేనే దొరుకుతుంది. మామూలుగా రొట్టెలోకో నిమ్మరసంలోకో అయితే ఏ తేనె అయినా నడిచిపోతుంది గానీ, డాలస్‌లో ఉండే మా పెద్దమ్మ కొడుకు మొదటిసారి మీడ్, అంటే తేనెతో చేసే వైన్, పెట్టుకుంటానని ఇక్కడి తేనె పట్టుకెళ్లాడు. ఆ పరీక్షలో ఈ తేనె నెగ్గింది కాబట్టే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందే ఒక మాట. అమెరికాలో సొంతానికి ఇంట్లో వైన్ చేసుకోవడాన్ని ఫెడరల్ చట్టం ఒప్పుకుంటుంది, ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లుంటే ఏడాదికి 200 గ్యాలన్ల దాకా. మన దగ్గర లైసెన్స్ లేకుండా చేస్తే ఎక్సైజ్ కేసే. అందుకని ఇది చదివి ఇక్కడ ఎవరూ జాడీలు పెట్టకండి, అక్కడున్న మీవాళ్లకి చెప్పండి.

మీడ్‌లో తేనె, నీళ్లు, ఈస్ట్ తప్ప దాదాపు ఏమీ ఉండదు. ద్రాక్ష వైన్‌లో తొక్క, పులుపు, రంగు అన్నీ కలిసి లోపాల్ని కొంత కప్పేస్తాయి, ఇక్కడ ఆ అవకాశం లేదు. తీపంతా ఈస్ట్ తినేశాక మిగిలేది ఆ తేనెకున్న సువాసనే. తేనెలో చక్కెర పాకం కలిసి ఉంటే ఇంకేం మిగులుతుంది? సీఎస్ఈ అనే ఢిల్లీ పర్యావరణ సంస్థ వాళ్లు 22 శాంపిళ్లకి రకరకాల టెస్టులు, అందులో జర్మనీ ల్యాబ్‌లో ఎన్ఎంఆర్ అనే కల్తీ పట్టే టెస్ట్ కూడా, చేయించి 2020 డిసెంబర్‌లో ఫలితాలు బయటపెట్టారు, 17 ఏదో ఒక దాంట్లో ఫెయిలయ్యాయి, అందులో పెద్ద పెద్ద బ్రాండ్లు కూడా ఉన్నాయి. నీళ్లలో చుక్క వేసి చూడటం, అగ్గిపుల్ల ముంచి వెలిగించడం, కుక్క ముందు పెట్టడం, ఇవేవీ ఆ కల్తీని పట్టుకోలేవు. పాకం చేసేవాళ్లు వాటన్నిటినీ దాటిపోయారు. తేనె ఎక్కడి నుంచి వస్తోందో కళ్లతో చూసి కొనడమే నాకు నమ్మకంగా అనిపించే దారి.

ఈ షాపులో ఆ సౌకర్యం ఉంది. అడిగితే పెట్టెలోంచి తేనెపట్టు ఉన్న ఫ్రేమ్ తీసి చూపిస్తారు, మైనంతో మూత వేసిన గదులు ఎంతవరకు వచ్చాయో చెప్తారు, సగం మూత పడకుండానే పిండేస్తే నీళ్ల శాతం ఎక్కువుంటుందని ఆయనే వివరించారు. తేనెలో నీళ్ల శాతం చూపించే, చేతిలో ఇమిడే రిఫ్రాక్టోమీటర్ ఒకటి పెట్టుకున్నారు, మేం కొన్న తేనె చుక్క వేసి చూపిస్తే 18.6 వచ్చింది. ప్రమాణం ప్రకారం 20 శాతం మించకూడదు. పక్కనే ముదురు రంగు కొండ తేనె కూడా ఉంది, వాసన చూస్తే మనసు దానిమీదికే పోయింది, ధర కూడా ఎక్కువే, కానీ ఆయన దాన్నీ మీటర్ కింద పెట్టి 23 చూపించి, "ఇది మీకొద్దండి బాబూ, ఇంట్లో తొందరగా వాడేసుకునేవాళ్లకి ఇస్తాం, అంత దూరం పట్టుకెళ్తే దార్లోనే పొంగిపోద్ది" అన్నారు. ఖరీదైన సరుకుని కొనొద్దని చెప్పే వ్యాపారి దొరకడం నాకు చాలా నచ్చింది.

తేనె వేడి చేయరు, గుడ్డలో వడకట్టి నింపుతారు. మీడ్‌కి ఇదే కావాలి. మరిగిస్తే పూల వాసన ఆవిరైపోతుంది. అన్నయ్య ఒక గ్యాలన్ గాజు జాడీలో 1.2 కిలోల తేనె వేసి మిగతాది నీళ్లతో నింపాడు, పొయ్యి ఎక్కించలేదు. ద్రవంలో తీపి ఎంతుందో చిక్కదనాన్ని బట్టి చెప్పే హైడ్రోమీటర్ 1.096 చూపించింది (మామూలు నీళ్లయితే 1.000). 71బి అనే ఈస్ట్ వాడాడు. తేనెలో నైట్రోజన్ చాలా తక్కువ, అందుకే ఈస్ట్‌కి ఆహారం విడిగా, మొదటి మూడు రోజులూ కొంచెం కొంచెంగా వేశాడు, అది లేకపోతే కుళ్లిన గుడ్ల వాసన వచ్చే ప్రమాదం ఉంది. ఇంట్లో ఏసీ 20 డిగ్రీల్లో ఉంచాడు. మన వేసవి వేడిలో అయితే ఈస్ట్ రెచ్చిపోయి గొంతు మండించే ఘాటు వచ్చేస్తుంది. నెల తిరక్కముందే రీడింగ్ 1.000కి దిగి నిలబడింది, లెక్కేస్తే ఆల్కహాల్ 12 శాతం పైమాట. మడ్డి వదిలేసి వేరే జాడీలోకి దించి, తేరుకునేదాకా నెలల తరబడి కదపకుండా ఉంచాడు.

మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు ఒక సీసా తెచ్చాడు. లేత గడ్డి రంగు, అడుగున ఏమీ లేదు, గ్లాసు ముక్కు దగ్గర పెడితే కొబ్బరి పొత్తు విచ్చినప్పుడు తోటలో వచ్చే ఆ సన్నటి తియ్యటి వాసన అచ్చంగా ఉంది! నోట్లో మాత్రం తీపి లేదు, చివర్లో కాస్త వగరు. నాటుకోడి ఇగురుతో భలే కుదిరింది. మా బావకి నచ్చలేదు, "తేనెతో చేసి తీపి లేకపోవడం ఏంటి" అన్నాడు, తీపి కోరుకునేవాళ్లకి ఆ మాట సరైనదే.

షాపుతో నాకున్న ఇబ్బంది ప్యాకింగ్. ప్లాస్టిక్ సీసాల మూతలు వదులు, ఇంటికొచ్చేసరికి సంచంతా జిగురు. సీసా మీద తేదీ, ఏ పూతదో రాయరు, నోటితో చెప్తారు. ఇంత శ్రద్ధగా తేనె తీసేవాళ్లు ఒక చీటీ అంటించలేరా అనిపించింది. పెట్టెల తేనె కిలో 450 తీసుకున్నారు, బేరం లేదు, ఆ నాణ్యతకి నేను ఇస్తాను.

వెళ్లేవాళ్లు బిగుతు మూతల గాజు సీసాలు పట్టుకెళ్లండి, నింపిస్తారు. వానాకాలంలో వెళ్తే మీటర్ చూపించమని తప్పకుండా అడగండి. గడ్డకట్టిన సీసా ఇస్తే వద్దనకండి, అసలైన తేనె కూడా గడ్డకడుతుంది, గోరువెచ్చటి నీళ్లలో పెడితే కరుగుతుంది. విమానంలో చెకిన్ బ్యాగులోనే పెట్టి, అక్కడ దిగాక కస్టమ్స్‌లో డిక్లేర్ చేయమనండి. ఇంట్లో ఏడాది నిండని పసిపిల్లలుంటే ఈ తేనె కాదు, ఏ తేనే నాకించకండి.