పుదుచ్చేరి లిసే ఫ్రాన్సే: పుట్టుక, చదువు, చేర్చదలచిన వారికి ఒక అభిప్రాయం

విదేశాలలోని ఫ్రెంచ్ పాఠశాలలు అనగానే దౌత్యోద్యోగుల పిల్లల కోసమో, ఉద్యోగరీత్యా వచ్చిన కుటుంబాల కోసమో పెట్టినవని చాలామంది అనుకుంటారు. పుదుచ్చేరిలోని లిసే ఫ్రాన్సే కథ వేరు. 1826లో, గవర్నర్ దెబాసాఁ ద రిష్‌మోఁ హయాంలో, కొలేజ్ రాయల్ అనే పేరుతో మొదలైన ఈ బడి వలస పాలన ముగిశాక కూడా మూతపడలేదు. 1954 నవంబరు 1న పాలన భారతదేశం చేతికి వచ్చింది. 1956 మే 28న కుదిరిన అప్పగింత ఒప్పందంలో, ఈ బడి ఫ్రెంచ్ విద్యాసంస్థగానే కొనసాగాలని ఇరు దేశాలు రాసుకున్నాయి. ఒక బడి కోసం రెండు ప్రభుత్వాలు ఒప్పందంలో చోటు కేటాయించడం నాకు ఇప్పటికీ అపురూపంగానే తోస్తుంది.

ఆ ఒప్పందం 1962 ఆగస్టు 16న అమలులోకి వచ్చినప్పుడు, ఆరు నెలల గడువులోగా ఫ్రెంచ్ పౌరసత్వాన్ని కోరుకునే హక్కు పుదుచ్చేరి, కారైకాల్, మాహె వారితోపాటు మన యానాం వారికీ దక్కింది. అందుకే ఇక్కడి ఫ్రెంచ్ పౌరులలో ఈ నేలమీద పుట్టిపెరిగిన కుటుంబాలవారు ఎందరో ఉన్నారు, ఈ బడిని వారు పరాయిదిగా చూడరు.

ప్రస్తుతం దీనిని ఫ్రెంచ్ ప్రభుత్వ సంస్థ నేరుగా నిర్వహిస్తోంది. చిన్నపిల్లల తరగతులతో మొదలై చదువు బాకలోరియా (ఫ్రాన్స్‌లో బడి చదువు చివర రాసే పరీక్ష) వరకు ఫ్రాన్స్ పాఠ్యప్రణాళిక ప్రకారమే సాగుతుంది. నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది చివరి ఏడాది తత్వశాస్త్రం: సాధారణ బాకలోరియా విద్యార్థులు, గణితం ఎంచుకున్నవారితో సహా, నాలుగు గంటలపాటు కూర్చొని ఆ పరీక్ష రాయాలి. న్యాయం అంటే ఏమిటి, స్వేచ్ఛకు హద్దు ఉందా వంటి విషయాలపై పదిహేడేళ్ల పిల్లలు సొంత వాదనను కట్టి నిలబెట్టుకోవాలి. బట్టీ చదువు ఇక్కడ అక్కరకు రాదు. మార్కులు ఇరవైకి వేస్తారు, సగటున పది వస్తే ఉత్తీర్ణత. మన తల్లిదండ్రులు పద్నాలుగు చూసి బెంబేలు పడనవసరం లేదు, అది మంచి మార్కే.

అయితే బోధన ప్రధానంగా ఫ్రెంచ్‌లో జరుగుతుంది కనుక, ఆ భాష రాని పిల్లలను పై తరగతులలో చేర్చడం వారికి భారమే అవుతుంది. చేర్చదలిస్తే పసితనంలోనే చేర్చడం మేలు. ఐఐటీ ప్రవేశ పరీక్షలే లక్ష్యమైతే ఈ దారి సరిపడదు, ఫ్రాన్స్‌లో పైచదువులు మనసులో ఉన్నవారికి మాత్రం నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. రుసుములు ఉంటాయి. ఫ్రెంచ్ పౌరసత్వం ఉన్న కుటుంబాలు ఆదాయాన్ని బట్టి ఆ ప్రభుత్వ ఉపకారవేతనానికి కాన్సులేట్ ద్వారా దరఖాస్తు చేసుకోవచ్చు.