ఎనిమిదేళ్ల గ్రైండరు, పండగ ముందు రాత్రి తెగిన బెల్టు

మా టేబుల్ టాప్ గ్రైండరు 2017లో కొన్నది, రెండు లీటర్లది. ఎన్ని వాట్లు, ఎన్ని రాళ్లు అన్నవి డబ్బా మీదే ఉంటాయి కాబట్టి అవి రాయను. నేను రాసేది గారెల పిండి గురించి, బెల్టు గురించి. ఎనిమిదేళ్లలో నన్ను మురిపించింది మొదటిది, ఏడిపించింది రెండోది.

అమెరికాకి కొత్తగా వచ్చేవాళ్లకి మాత్రం ఒక మాట. ఇండియా నుంచి గ్రైండరు మోసుకురాకండి. అక్కడ 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ఇక్కడ 120, 60. ట్రాన్స్‌ఫార్మర్ పెడితే వోల్టులు సరిపోతాయి కానీ హెర్ట్జ్ మారదు, మోటారు తిరగాల్సిన వేగంలో తిరగదు. మాది ఇక్కడి కరెంటు కోసం కోయంబత్తూరులో చేసింది.

మిక్సీలో గారెల పిండి రుబ్బినవాళ్లకి ఆ బాధ చెప్పక్కర్లేదు. నీళ్లు తగ్గిస్తే బ్లేడు ఉత్తినే తిరుగుతుంది. పోస్తే పిండి జారై గారె చిల్లు మూసుకుపోతుంది, నూనె తాగుతుంది. ఈలోపు మిక్సీ గిన్నె వేడెక్కుతుంది. గ్రైండరుతో ఆ గొడవ లేదు. రెండు గ్లాసుల మినపగుళ్లు నాలుగు గంటలు నానబెట్టి, నీళ్లు బాగా వార్చేసి, గుప్పెడు గుప్పెడు వేస్తూ, మధ్యమధ్య చేత్తో నీళ్లు చిలకరిస్తూ ఉంటే అరగంటకి పిండి తెల్లగా పొంగుతుంది. చిటికెడు తీసి గిన్నెడు నీళ్లలో వేస్తే తేలాలి. అది తేలగానే నేను అందరినీ పిలిచి చూపిస్తాను. "బాబు పుట్టినప్పుడు కూడా ఇంత సంబరపడలేదు" అంటుంది మా ఆవిడ.

మేముండేది న్యూజెర్సీలో, ఎడిసన్ దగ్గర. నవంబరు నాలుగో గురువారం ఇక్కడ థాంక్స్ గివింగ్ పండగ. ఆ రోజు ఐదారు కుటుంబాలం ఒకరింట్లో కలుస్తాం. టర్కీ కోడి ఆ ఇంటివాళ్ల పూచీ. జనాన్ని లోపలికి రప్పించడానికి స్టోర్లవాళ్లు వారం ముందు నుంచే దాన్ని కారుచవగ్గా అమ్ముతారు. తీరా తెచ్చాక, పన్నెండు పౌన్ల పిట్టకి ఫ్రిజ్‌లో మంచు వదలడానికే మూడు రోజులు పడుతుంది. ఓవెన్లోంచి తీశాక ఫోటోలన్నీ దానికే. జనం తినేది మాత్రం గారెలు, కోడి పులుసు. మా ఆవిడ వంతు క్రాన్‌బెర్రీ పచ్చడి. వాక్కాయలు దొరకని ఈ ఊళ్లో మాకు వాక్కాయ అంటే క్రాన్‌బెర్రీనే. పప్పులో వేసినా అదే పులుపు. నవంబరులో పన్నెండు ఔన్సుల సంచులు అరడజను తెచ్చి ఫ్రీజర్లో పడేస్తే ఉగాది దాకా వస్తాయి. నా వంతు గారెలు.

2024 నవంబరు 27, బుధవారం సాయంత్రం. నాలుగు గ్లాసుల మినపగుళ్లు నానాయి. గ్రైండరు గ్యారేజీలోంచి తెచ్చి, తెచ్చినదాన్ని తెచ్చినట్టే ఆన్ చేశాను. మొదటి వాయి సగం నలిగింది. ఉన్నట్టుండి గడగడ చప్పుడు తగ్గింది, డ్రమ్ము రెండు చుట్లు తిరిగి ఆగిపోయింది. మోటారు మాత్రం గుయ్యిమంటూనే ఉంది. కాలిన రబ్బరు కంపు. స్విచ్ ఆపి, పిండి గిన్నెలోకి తోడి, గ్రైండర్ని తలకిందులు చేసి కింద మరలు విప్పాను. బెల్టు ఒకచోట తెగి, అంచులు పీచులా ఊడి చేతికొచ్చింది.

ఇందులో నా తప్పూ ఉంది. ఏటా చలికాలమంతా గ్రైండర్ని గ్యారేజీలో ఉంచితే రబ్బరు బిగుసుకుపోదూ! పైగా పిండి గట్టిగా రావాలన్న పిచ్చితో నీళ్లు మరీ తక్కువ చల్లాను. కానీ ఏడేళ్లకి బెల్టు మార్చుకోమని కాగితం మీద ఒక్క ముక్కయినా రాయాలి కదా? చేసినవాళ్ల నంబరుకి ఫోన్ చేస్తే, సెలవుల తర్వాత చేయండి అని టేపు వినిపించింది.

గుంటూరుకి ఫోన్ చేశాను. అక్కడ తెల్లవారుజామున ఐదు. అమ్మ లేచే ఉంది. "మా రుబ్బురోలుకి బెల్టెక్కడిదిరా?" అని నవ్వి, ఐసు నీళ్లు చల్లి మిక్సీలో కొంచెం కొంచెం వేసి ఆపి ఆపి తిప్పమంది. తీశాక చేత్తో ఒకే వైపుకి ఐదు నిమిషాలు గిలకొట్టమంది. నేను వినలేదు. తెగిన బెల్టు జేబులో పెట్టుకుని ఓక్ ట్రీ రోడ్డు మీద మన సరుకుల కొట్టుకి పరిగెత్తాను.

మర్నాడు పెద్ద స్టోర్లు చాలావరకు మూత, అందుకని ఊరంతా ఆ రాత్రే బజార్లో ఉంది. బిల్లు లైను గోంగూర కట్టల దాకా వచ్చింది. కౌంటరు వెనక మేకుకి కుక్కరు గ్యాస్కెట్లు అన్ని సైజులవీ వేలాడుతున్నాయి, బెల్టు మాత్రం లేదు. ఏం చేయాలో తోచక అక్కడే నిలబడి ఉంటే వెనక ఒక పెద్దావిడ బండి ఆపి, "బాబూ, అది గ్రైండరు బెల్టేనా?" అంది.

"అవునండీ, ఇప్పుడే తెగింది."

"ఏదీ, ఇటివ్వు." కళ్లజోడు పైకి జరిపి బెల్టు మీద నంబరు చదివింది. "మాదీ ఇదే. ఇంట్లో ఒకటి ఉండాలి. ఈ బిల్లు కట్టేసొస్తాను, నా కారు వెనకాలే వచ్చెయ్."

నిజంగానే వెనకాలే వెళ్లాను. బిస్కెట్ల డబ్బాలో, గుండీలూ దారపు ఉండల మధ్య, కవరు కూడా విప్పని బెల్టు. డబ్బులివ్వబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "డబ్బులేం చేసుకోను? సంక్రాంతి లోపు ఇలాంటిదే తెప్పించి ఇవ్వు. మాదీ ముసలిదైపోయింది."

ఇంటికొచ్చేసరికి తొమ్మిది. ఈలోపు మా ఆవిడ నాకోసం కాచుకోకుండా, సగం నలిగిన పిండిని అమ్మ చెప్పినట్టు ఐసు నీళ్లతో మిక్సీలో పూర్తి చేసేసింది. నేను బెల్టుని ముందు మోటారు చక్రానికి తగిలించి, పెద్ద చక్రాన్ని చేత్తో తిప్పుతూ సైకిల్ చైను ఎక్కించినట్టు ఎక్కించాను. రెండో వాయి పదకొండుకి అయింది. చిటికెడు వేస్తే తేలింది. ఈసారి చూడ్డానికి మెలకువగా ఎవరూ లేరు.

గురువారం రెండు పళ్లేలు పెట్టాం, ఏది ఎందులో రుబ్బిందో చెప్పకుండా. రాయక తప్పదు కాబట్టి రాస్తున్నాను, ముందు ఖాళీ అయింది మిక్సీ పళ్లెం. చల్లారాక కూడా మెత్తగా ఉండేవి గ్రైండరువే అని నా వాదన. చల్లారేదాకా మిగిలినవి ఏడు, అవీ గ్రైండరువే. మొదట్లో మిక్సీ గురించి నేను అన్నదాన్ని ఆ మేరకు తగ్గించి చదువుకోండి. నాలుగు గ్లాసులైతే మిక్సీ మధ్యలోనే వేడెక్కి మొరాయిస్తుంది. ఒక గ్లాసైతే, ఐసు నీళ్లుంటే, ఓపికుంటే దానికేం లోటు లేదు.

భోజనానికి ముందు ఎవరికి థాంక్స్ చెప్పుకుంటారో అందరూ చెప్పాలని ఆ ఇంటి ఆనవాయితీ. మావాడు "బెల్టు ఆంటీకి" అన్నాడు. కథ తెలియనివాళ్లు ఆవిడ ఇంటిపేరే బెల్టు అనుకున్నారు.

డిసెంబరులో హైదరాబాదు నుంచి వచ్చిన మా బావమరిది రెండు బెల్టులు తెచ్చాడు, రెండూ వేరే సైజు. నంబరు నోటితో చెప్పాను, ఒక అంకె తేడా వెళ్లింది. మళ్లీ ఆన్‌లైన్లో తెప్పించి, భోగికి రెండు రోజుల ముందు ఆవిడకి ఇచ్చి వచ్చాను. ఊరికే తీసుకోలేదు, కళ్లజోడు పెట్టుకుని నంబరు సరిచూసే తీసుకుంది. మీరు కొంటే మాత్రం, కొన్న రోజే బెల్టు మీది నంబరు ఫోటో తీసి పెట్టుకోండి.

మళ్లీ కొంటానా? చెప్పడం కష్టం. మాకు ఏటా పాతికమందికి గారెలు, వారానికోసారి ఇడ్లీ పిండి, అందుకని సరిపోయింది. అపార్ట్‌మెంట్లో ఇద్దరే ఉంటే, లేదా నడుం నొప్పి ఉంటే, ఈ బరువు ఎత్తి దించడం ఒకటైతే కడగడం ఇంకొకటి. రాళ్ల కింద ఇరుక్కున్న పిండి వదిలించడానికే పది నిమిషాలు పడుతుంది. మావాడు రెండేళ్లలో కాలేజీకి వెళ్తాడు, అప్పుడు చిన్నది చాలేమో. ప్రస్తుతానికి దాన్ని గ్యారేజీలోంచి తెచ్చి వంటింట్లో రైస్ కుక్కర్ పక్కన పెట్టాం. టోస్టరు గ్యారేజీకి వెళ్లింది.