ఓడ మునిగింది, మరి మన అడ్వాన్సు సంగతి?

కడప నుంచి కేరళ సముద్రం చూడాలంటే పెద్ద ప్రయాసేం లేదు. పుణె నుంచి కన్యాకుమారి పోయే రైలు, మనవాళ్ళు ఇప్పటికీ జయంతి జనతా అనే అంటారు, కడపలో ఎక్కితే ఎక్కడా మారకుండా వర్కలలోనే దిగొచ్చు. ఆ ధైర్యంతోనే 2025 వేసవి సెలవులకు ఏప్రిల్‌లోనే అన్నీ బుక్ చేసి పెట్టుకున్నాం. జూన్ మొదటి వారం, బడులు తెరిచేలోపు. ముందు వర్కలలో కొండ అంచున ఒక హోమ్‌స్టే, తర్వాత అలప్పుళలో హౌస్‌బోటు, చివర్లో మరారి దగ్గర ఇసుకకు ఆనుకునే ఉన్న ఒక విల్లా మొత్తం అద్దెకు. మేము, మా ఆడబిడ్డ వాళ్ళు, పిల్లలు. జూన్‌లో అక్కడ వానలని తెలుసు, రేట్లు తగ్గేదీ అందుకే. అయినా రోహిణి కార్తెలో కడపలో ఉండి చూసినవాళ్ళెవరూ వానకు భయపడి టికెట్ క్యాన్సిల్ చేసుకోరు.

మే 25 ఆదివారం ఓడ మునిగింది. ఎంఎస్‌సీ ఎల్సా 3, లైబీరియా జెండాతో తిరిగే కంటెయినర్ ఓడ, విళింజం నుంచి కొచ్చికి పోతూ ముందురోజే ఒక పక్కకు ఒరిగింది. సిబ్బంది 24 మందినీ కాపాడారు, ఓడ దక్కలేదు. అందులో 640 కంటెయినర్లు, ట్యాంకుల్లో 84 టన్నుల డీజిల్, 367 టన్నుల ఫర్నేస్ ఆయిల్. 13 కంటెయినర్లలో ప్రమాదకరమైన సరుకు, 12 కంటెయినర్లలో కాల్షియం కార్బైడ్ ఉందన్నారు. మన దగ్గర మామిడికాయలు దొంగచాటుగా మాగబెట్టేది ఈ కార్బైడ్‌తోనే, నీళ్ళు తగిలితే అంటుకునే గ్యాస్ పుడుతుంది. రెండు రోజుల్లో కంటెయినర్లు కొల్లం ఒడ్డుకు, అలప్పుళ, తిరువనంతపురం ఒడ్డుకు కొట్టుకురావడం మొదలైంది. దగ్గరికి పోవద్దు, రెండు వందల మీటర్ల దూరంలో ఉండండి, 112కు ఫోన్ చేయండి అని అక్కడి ప్రభుత్వం చెప్పింది. ఆ వారంలోనే దీన్ని రాష్ట్ర విపత్తుగా ప్రకటించారు కూడా.

ఇంక మా ఇంట్లో ఫోన్లు ఆగలేదు. "వదినా, సముద్రమంతా నూనె అయిపోయిందంట గదా, టీవీలో అదే చూపిస్తాండారు. ఇంగ పోయి ఏం జేస్తాం" అని మా ఆడబిడ్డ. ఆమె భయం ఊరికే పుట్టింది కాదు. 2017 జనవరిలో ఎన్నూరు పోర్టు బయట రెండు ఓడలు గుద్దుకున్నప్పుడు వాళ్ళు చెన్నైలోనే ఉన్నారు, జనం నల్లటి జిగట నూనెను బకెట్లతో ఎత్తిపోయడం టీవీలో కాదు, దగ్గరుండి చూసింది. మొదట్లో కొంచెమే కారింది అన్న పెద్దమనుషుల మాటలు కూడా ఆమెకు బాగా గుర్తు.

నాకు మాత్రం "కేరళ తీరం" అని టీవీలో ఒక్క ముక్కలో చెప్పేది నచ్చలేదు. కడపలో వాన పడిందంటే పులివెందులలో పడినట్టు కాదు కదా. ఓడలోంచి వచ్చింది ఏదైనా గాలి వాలును, నీటి వాలును బట్టి పోతుంది, వానాకాలంలో అక్కడ ఒడ్డు వెంబడి నీరు దక్షిణం వైపు లాగుతుంది. అందుకే కంటెయినర్లు ఎక్కువగా కొల్లం వైపు తేలాయి. నీళ్ళ మీద నూనె తెట్టు కనబడ్డ చోట కోస్ట్ గార్డ్ వాళ్ళు దాన్ని చెదరగొట్టే మందు చల్లారు. ఒడ్డుకు చేరి జనాన్ని విసిగించింది నూనె కంటే, పగిలిన కంటెయినర్లలోంచి బయటపడ్డ తెల్లటి ప్లాస్టిక్ గుళికలు, అచ్చం సగ్గుబియ్యమే. కాబట్టి "కేరళ పోదామా వద్దా" అని కూర్చోకుండా, బుక్ చేసిన మూడు చోట్లకూ ఫోన్ చేసి ఒకటే అడిగాను: ఈరోజు మీ ముందున్న ఒడ్డు ఎట్లుంది, ఒక వీడియో తీసి పంపండి.

విల్లా మేనేజరు ఐదు నిమిషాల్లో పంపాడు. నీలం ఆకాశం, మెరిసే ఇసుక, కొబ్బరిచెట్టు నీడలో కుర్చీలు. చూడముచ్చటగా ఉంది, కానీ కేరళలో నైరుతి మే 24నే దిగింది, 2009 తర్వాత అంత ముందుగా రావడం అదే మొదటిసారి అని పేపర్లన్నీ రాశాయి, రెడ్ అలర్టులు నడుస్తున్నాయి. ఆ వానలో నీలం ఆకాశం ఎక్కడిది? అదే అడిగితే "నో ప్రాబ్లం మేడం, ఆల్ క్లీన్" అన్నాడు. ఇంకో వీడియో అడిగితే అది ఈరోజు వరకు రాలేదు.

వర్కల హోమ్‌స్టే ఆమె వీడియో పంపలేదు, సగం తమిళం సగం ఇంగ్లిష్‌లో రెండు నిమిషాల వాయిస్ మెసేజ్ పెట్టింది. గుళికలు అలల గీత వెంబడి వస్తున్నాయి, ఊరి కుర్రాళ్ళు, వాలంటీర్లు ఏరుతున్నారు, ఒకరోజు తక్కువ ఒకరోజు ఎక్కువ. సముద్రంలో దిగడం ఎలాగూ కుదరదు, అది ఓడ వల్ల కాదు, వానాకాలం అలల వల్ల. పిల్లలుంటే ఇసుక పక్క గది వద్దు, పైన కొండ మీద గది ఇస్తాను, 2,200 గదిని 1,500కు ఇస్తాను, రాలేకపోతే డిసెంబరుకు మార్చుకోండి, దానికి అదనంగా డబ్బు అక్కర్లేదు. మా ఆయన అది విని, "వ్యాపారం చేసే ఆడమనిషి ఇంత ఉన్నదున్నట్టు చెబుతుందా" అన్నాడు. మూడోది, హౌస్‌బోటు అతను, బ్యాక్‌వాటర్‌కూ మునిగిన ఓడకూ సంబంధం లేదు, గాలి ఎక్కువైతే బోటు కట్టేస్తాం, అప్పుడు డబ్బు తిరిగిస్తాం అని వాట్సాప్‌లో రాసి ఇచ్చాడు. రాసి ఇచ్చాడు అన్నది ముఖ్యం.

తమాషా ఏమంటే, నీటి వాలు లెక్కన చూస్తే, దక్షిణాన ఉన్న వర్కల కంటే ఉత్తరాన ఉన్న మరారి ఒడ్డే శుభ్రంగా ఉండి ఉండొచ్చు. అయినా నేను విల్లా వదులుకుని వర్కల ఉంచుకున్నాను. విల్లాకు కట్టే డబ్బంతా ఆ ఇసుకకే, గుమ్మం దిగితే ఇసుక, పిల్లలు పొద్దంతా అందులోనే. ఆ ఇసుక మీద నమ్మకం లేనప్పుడు అంత అద్దె దేనికి? కొండ మీద గదైతే ఇసుకలోకి దిగకపోయినా సముద్రం మొత్తం కనబడుతుంది.

ఆడబిడ్డ వాళ్ళు మాత్రం మానుకున్నారు. రైలు టికెట్ల విషయంలో చెప్పాల్సింది: 2025లో ఉన్న రూలు ప్రకారం, బయలుదేరడానికి 48 గంటల ముందే క్యాన్సిల్ చేస్తే మనిషికి ఇంత అని తక్కువ కోత ఉండేది, ఆ తర్వాత పన్నెండు గంటల ముందు వరకు టికెట్‌లో పావు వంతు పోయేది, ఇంకా ఆలస్యమైతే నాలుగు గంటల ముందు వరకు సగం. వాళ్ళు ముందే చేశారు, పెద్దగా నష్టం లేదు. టికెట్‌తో పాటు తీసుకున్న 45 పైసల ఇన్సూరెన్స్ పనికొస్తుందా అని మా అన్నయ్య అడిగాడు. అది రైలు ప్రమాదానికి, ఓడ మునిగితే రాదు.

వర్కలలో దిగేసరికి వాన దంచుతోంది. స్టేషన్ నుంచి కొండ దాకా ఆటో అతను బేరం లేకుండా తీసుకెళ్ళాడు, సీజన్ పోయిందన్న బాధ అతని మొహంలోనే ఉంది. కొండ మీద నార్త్ క్లిఫ్ వైపు సగం షాపులు టార్పాలిన్లు కట్టేసి ఉన్నాయి, కొంత ప్రతి వానాకాలం ఉండేదే, ఈసారి ఇంకా ముందుగా మూశారని మా హోస్ట్ చెప్పింది. గది బాగుంది, దుప్పట్లు మాత్రం చెమ్మ వాసన, కరెంటు పోతూ వస్తూ ఉంది, ఇన్వర్టర్‌తో ఫ్యాన్, లైట్ నడిచాయి. పొద్దున టిఫిన్‌కు పుట్టు, అంటే ఆవిరి మీద ఉడికించిన బియ్యప్పిండి, దాంతో శనగల కడల కూర. మా చిన్నోడు కారం దోశ ఏదని ఏడుపు.

ఎర్రటి కొండ నేరుగా సముద్రంలోకి తెగినట్టుండే ఆ దృశ్యం కోసం ఎన్ని వానలైనా తడవొచ్చు. కానీ అంచు వెంబడి నడిచే దారికి కొన్నిచోట్ల కంచె లేదు, వానకు మట్టి జారుతుంది, పిల్లల చెయ్యి వదలకండి. కింద పాపనాశం బీచ్‌లో జోరువానలో గొడుగులు పట్టుకుని పితృకర్మలు చేసేవాళ్ళు, పక్కన లైఫ్‌గార్డుల విజిళ్ళు. ఎవర్నీ మోకాలి లోతు కూడా దిగనివ్వలేదు. జనార్దనస్వామి గుడి, శివగిరి మఠం, కాప్పిల్ దగ్గర ఒకవైపు సముద్రం ఒకవైపు సరస్సు ఉండే రోడ్డు, ఇవి వానలో కూడా చూడదగినవే.

గుళికలు ఉన్నాయి. దూరం నుంచి ఇసుకే, వంగి చూస్తే అలల గీత వెంబడి తెల్లగా. కొందరు కుర్రాళ్ళు జల్లెడలతో ఇసుక జల్లిస్తున్నారు. మా పెద్దది కూడా ఏరతానంది, గ్లవ్స్ వేసి కాసేపు ఏరనిచ్చాం. చిన్నపిల్లలైతే నోట్లో పెట్టుకుంటారు, వాళ్ళను దూరంగా ఉంచాలి. నూనె మాత్రం మేము నడిచిన ఒడ్డులో ఎక్కడా కనబడలేదు. ఎప్పుడైనా కాలికి నల్లటి జిగురు అంటుకుంటే కిరోసిన్, పెట్రోలు వద్దు, కొబ్బరినూనె రాసి తుడిస్తే పోతుంది. గోవాలో ఏ ఓడా మునగకపోయినా వానాకాలం ముందర తారు ముద్దలు వస్తుంటాయి, కాబట్టి నల్లగా కనబడ్డ ప్రతి ముద్దా ఈ ఓడదే అనుకోనక్కర్లేదు.

ఆ ప్రయాణం మొత్తంలో మా కళ్ళతో నూనె చూసింది ఒకేచోట, అలప్పుళలో. హౌస్‌బోట్లు వరసగా కట్టేసి ఉన్న రేవులో నీళ్ళ మీద డీజిల్ మరక, రంగురంగుల పొర, దాని పక్కనే ఒకామె గిన్నెలు కడుగుతోంది. మునిగిన ఓడ గురించి అన్ని ఛానళ్ళు అరిచాయి, దీని గురించి మాకు ఫోన్ చేసి భయపెట్టినవాళ్ళు ఒక్కరూ లేరు. ఊరు దాటి లోపలికి పోయాక నీళ్ళు నయం, సాయంత్రం చేపల వలలు వేసే వేళకు బోటు ఒడ్డుకు కట్టేశారు, వంట బ్రహ్మాండం. చేపలు తినాలా వద్దా అని మా ఆయనకు టెన్షన్. ఆ రోజుల్లో అక్కడ చాలామంది చేపలు కొనడానికి జంకారు, పాపం పట్టేవాళ్ళకు అదో దెబ్బ. మేము కరిమీన్ తిన్నాం, అది సముద్రపు చేప కాదు, ఈ బ్యాక్‌వాటర్‌దే. డీజిల్ పొర చూశాక ఆ తర్కం ఎంత గట్టిదో మీరే ఆలోచించుకోండి, రుచి మాత్రం గట్టిదే.

ఆడబిడ్డ వాళ్ళు ఆ వారమే బద్వేలు మీదుగా నెల్లూరు పోయి మైపాడు బీచ్ చూసొచ్చారు. మైపాడు తూర్పు సముద్రం కాబట్టి ఈ ఓడ గొడవే లేదు, ఖర్చు మాదాంట్లో పావు వంతు కూడా కాలేదు. కానీ రోళ్ళు పగిలే ఎండ, పదకొండు తర్వాత ఇసుకలో కాలు పెట్టలేకపోయారట, బట్టలు మార్చుకోవడానికి సరైన చోటు లేదట. కడప నుంచి ఒక పూట సముద్రం చాలనుకుంటే పొద్దున్నే చేరేలా మైపాడు పొండి, నాలుగు రోజులు తిరగాలంటే కేరళే.

ఇక విల్లా అడ్వాన్సు, 12,000. బుకింగ్ యాప్ వాళ్ళు చెప్పింది ఏమిటంటే, బీచ్ అధికారికంగా మూసెయ్యలేదు, ఇల్లు ఉండటానికి బాగానే ఉంది, కాబట్టి రూలు ప్రకారం వారం లోపు క్యాన్సిల్‌కు డబ్బు రాదు, ఓనరు దయ. రాష్ట్ర విపత్తు అని ప్రకటించారు కదా అంటే, అది ఇంటికి వర్తించదు అన్నారు. ఓనరు దయ తలచలేదు. 2010లో అమెరికాలో బీపీ కంపెనీ నూనె బావి పేలినప్పుడు, నూనె చుక్క తగలని ఊళ్ళలో కూడా బీచ్ ఇళ్ళ బుకింగులు పోయాయి, అద్దెకిచ్చేవాళ్ళకు కంపెనీ పరిహారం కట్టింది. ఇక్కడ కేరళ ప్రభుత్వం ఓడ వాళ్ళ మీద 9,531 కోట్లకు హైకోర్టులో దావా వేసింది. అందులో నా పన్నెండు వేల సంగతి ఎవరికీ పట్టదు కాబట్టి, 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు పెట్టాను, మేనేజరు పంపిన నీలం ఆకాశం వీడియో, అదేరోజు రెడ్ అలర్టు వార్త రెండూ జతచేసి. అప్పుడు కదిలారు. సగం ఖాతాలో వేశారు, సగం యాప్‌లో క్రెడిట్‌గా ఇచ్చారు, అదే విల్లాకు మాత్రమే చెల్లుతుందట. పేరు మార్చుకోవచ్చు అన్నారు, మన కడప వాళ్ళెవరైనా చలికాలంలో మరారి పోయేటట్టుంటే అడగండి, ఇచ్చేస్తా. వీడియో మాత్రం మీరే తెప్పించుకోండి.