ప్లాస్టిక్ పీపుల్ సీడీ: పాటలకి నాలుగు స్టార్లు, అట్ట మీది రాతకి సున్నా

ముందే చెప్పేస్తున్నా, కొనొచ్చు. కానీ నేను కొన్న షాపు వాడు దేనికోసం కొనమన్నాడో దానికోసం మాత్రం కొనకండి.

సికింద్రాబాద్‌లో పాత రికార్డులు, క్యాసెట్లు, సీడీలు అమ్మే ఒక ఇరుకు షాపు. ఘజల్స్, ఇళయరాజా, పాత హిందీ పాటలు అన్నీ కలగలిపి ఉంటాయి. అక్కడ దొరికింది ‘ది ప్లాస్టిక్ పీపుల్ ఆఫ్ ది యూనివర్స్’ అనే చెక్ బ్యాండ్ సీడీ. ఆల్బమ్ పేరు ‘ఎగాన్ బాండీస్ హ్యాపీ హార్ట్స్ క్లబ్ బ్యాన్డ్’ (చివరిది వాయించే బ్యాండ్ కాదు, ‘నిషేధించిన’ అనే బ్యాన్డ్). డబ్బా మూత పగిలి ఉంది, పైన ఎర్ర మార్కర్‌తో "కమ్యూనిస్టు గవర్నమెంటుని కూల్చిన బ్యాండ్!" అని రాసిన అట్టముక్క అంటించి ఉంది, ధర 900. కొంచెం తగ్గించమంటే "అన్నా, గిది మామూలు సీడీ కాదు, హిస్టరీ. తగ్గదు" అన్నాడు. మూత పగిలింది కదా అని చూపిస్తే అది కూడా హిస్టరీయే అన్నట్టు ఒక చూపు చూశాడు. సర్లే అని ఇచ్చేసి వచ్చాను.

ఇంటికొచ్చి విన్నాక నాకు ఆ అట్టముక్క మీద కోపం వచ్చింది. ఎందుకంటే దాన్ని చదివి కొన్నవాళ్ళు ఇందులో పిడికిళ్ళెత్తే పాటలు, నినాదాలు, గుంపుగా కలిసి పాడుకునే పల్లవులు ఉంటాయనుకుంటారు. ఒక్కటీ లేదు. ఇందులో ఒక పాట మలబద్ధకం మీద. నిజంగా, పేరే అది. ఇంకో పాటలో ఇరవై ఏళ్ళవాడికి లోకం మీద అసహ్యంతో వాంతి వస్తుందట, నలభై ఏళ్ళవాడికి ఇంకా ఎక్కువ వస్తుందట, అరవై దాటినవాళ్ళు మాత్రం మతిమరుపు పుణ్యమా అని హాయిగా నిద్రపోతారట. మరో పాట శాంతి, శాంతి అంటూ పోయి చివరికి శాంతిని టాయిలెట్ పేపర్‌తో ప్రాస కలుపుతుంది. ప్రభుత్వం రోజూ రేడియోలో శాంతి గురించి ఉపన్యాసాలిచ్చే దేశంలో ఆ ప్రాస ఎక్కడ తగలాలో అక్కడ తగిలి ఉంటుంది, కానీ అది నినాదం కాదు, వెటకారం.

సంగీతం సంగతి. బేస్ గిటార్ ముందుకొచ్చి ఒకే ముక్కని మొండిగా తిప్పుతూ ఉంటుంది, దాని మీద వయోలా (వయోలిన్‌కి అన్నలాంటిది) గీరుతుంది, శాక్సఫోన్ అరుస్తుంది, గొంతు మాత్రం ఏ భావమూ లేకుండా వార్తలు చదివినట్టు పాడుతుంది. మా కింది పోర్షన్ ఆంటీ "బాబూ, మీ మిక్సీ ఏమన్నా పాడైందా" అని అడిగారు, ఆవిడ తప్పేం లేదు. మొదటిసారి నాకూ తలనొప్పిగానే ఉంది. కానీ ఆ మొండి బేస్‌కి అలవాటుపడ్డాక వదలదు. అమెరికాలో వెల్వెట్ అండర్‌గ్రౌండ్, ఫ్రాంక్ జప్పా, కెప్టెన్ బీఫ్‌హార్ట్ లాంటి వింత రాక్ సంగీతం వాళ్ళు చేస్తున్న పనిని వీళ్ళు దొంగచాటుగా దొరికిన రికార్డుల్లో విని, తమకున్న అరకొర సామాన్లతో, తమ భాషలో చేశారు. బ్యాండ్ పేరు కూడా జప్పా పాట నుంచి తీసుకున్నదే.

కథ కొంచెం తెలిస్తే వినడం తేలికవుతుంది కాబట్టి చెప్తాను. 1968 ఆగస్టు 20 రాత్రి సోవియట్ ట్యాంకులు, వాటితోపాటు వార్సా కూటమిలోని (సోవియట్ పక్షాన ఉన్న కమ్యూనిస్టు దేశాల) సైన్యాలు చెకోస్లొవేకియాలోకి దిగాయి. ఆ తర్వాత కొన్ని వారాలకే మిలాన్ హ్లావ్సా అనే కుర్రాడు ప్రాగ్‌లో ఈ బ్యాండ్ పెట్టాడు. ట్యాంకులకి వ్యతిరేకంగా పెట్టాడనుకుంటే అక్కడే పప్పులో కాలేసినట్టు, అతనికి జప్పా పిచ్చి, అంతే. తర్వాత ఇవాన్ యిరౌస్ అనే కళా చరిత్రకారుడు తోడయ్యాడు. అందరూ ‘మాగోర్’ అని పిలిచేవాళ్ళు, అంటే మనం ‘తిక్కోడు’ అంటామే, అలాగ. వాయించకుండా బ్యాండ్‌ని నడిపించింది ఆయనే.

అక్కడ అప్పట్లో డబ్బు తీసుకుని సంగీతం వాయించాలంటే ప్రభుత్వం దగ్గర లైసెన్సు ఉండాలి. మీ పాటలు, మీ బట్టలు, మీ జుట్టు అన్నీ వాళ్ళకి నచ్చాలి. 1970లో వీళ్ళ లైసెన్సు తీసేశారు. దాంతో ప్రభుత్వం ఇచ్చిన వాయిద్యాలు, యాంప్లిఫయర్లు, రిహార్సల్ గది అన్నీ పోయాయి. అప్పుడు యోసెఫ్ యానిచెక్ అనే గిటారిస్టు, చేతిపని తెలిసినవాడు, పాత ట్రాన్సిస్టర్ రేడియోల సామాన్లతో యాంప్లిఫయర్లు కట్టుకున్నాడు. కోఠీలో ఎలక్ట్రానిక్స్ సామాన్ల గల్లీలు తిరిగినవాళ్ళకి ఈ ముక్క దగ్గర ఆయన మీద గౌరవం పుడుతుంది. మొదట్లో పాల్ విల్సన్ అనే కెనడా కుర్రాడు, అక్కడ ఇంగ్లీష్ పాఠాలు చెప్పుకునేవాడు, వీళ్ళతో ఇంగ్లీష్ పాటలు పాడేవాడు. 1972లో వ్రాతిస్లావ్ బ్రాబెనెట్స్ శాక్సఫోన్ పట్టుకుని వచ్చి, సొంత పాటలే వాయించాలి, చెక్‌లోనే పాడాలి, అలా అయితేనే వస్తానన్నాడట. నన్నడిగితే ఈ బ్యాండ్ అసలు పుట్టింది అప్పుడే.

చెక్‌లో పాడాలంటే మాటలు కావాలి. మాటలు ఎగాన్ బాండీ కవితల్లో దొరికాయి. ఈయన గురించి ఇంకా చెప్పాలి, ఎందుకంటే ఆ ఎర్ర మార్కర్ రాత పూర్తిగా బోల్తా పడేది ఇక్కడే. బాండీ అసలు పేరు జ్బీనెక్ ఫిషర్. ప్రభుత్వం అచ్చు వెయ్యనివ్వని కవి, టైపు మిషన్ కాపీలే ఆయన పుస్తకాలు. కానీ ఆయన కమ్యూనిజానికి శత్రువు కాదు, మార్క్సిస్టు! అధికారంలో ఉన్నవాళ్ళు మార్క్సిజాన్ని పాడుచేశారని తిట్టే రకం. పైగా 1989 తర్వాత రహస్య పోలీసుల ఫైళ్ళు బయటికొస్తే అందులో వాళ్ళకి సమాచారం ఇచ్చినవాళ్ళ జాబితాలో ఈయన పేరు కూడా ఉంది. నిషేధించిన ప్రభుత్వానికే వేగు, అదే ప్రభుత్వం మీద రాసిన వెటకారానికి కవి. ఇలాంటి మనిషి పేరు మీద వచ్చిన ఆల్బమ్‌ని "గవర్నమెంటుని కూల్చిన" అని ఒక్క లైన్లో అమ్మితే ఎలా?

మనవాళ్ళకి ఈ కవిత్వం ధోరణి మరీ కొత్తగా ఉండదు. మన దిగంబర కవులు 1965లో ఇదే హైదరాబాద్‌లో తమ మొదటి సంపుటిని అర్ధరాత్రి ఒక రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారు. మర్యాదస్తులు ముక్కు మూసుకునే మాటల్ని కావాలని కవిత్వంలోకి లాక్కొచ్చారు. బాండీ కూడా ఆ పనే చేశాడు. తేడా ఏంటంటే, మనవాళ్ళు అరిచారు, బాండీ గొణిగాడు. దిగంబరుల్లో కొందరు తర్వాత విప్లవ రచయితల సంఘంలోకి వెళ్ళారు, బాండీ ఏ సంఘంలోనూ ఇమిడే మనిషిలా కనిపించడు. దిగంబర కవిత్వానికి ఎలక్ట్రిక్ బేస్ తగిలిస్తే ఎలా ఉండేదా అని నాకు చాలాసేపు అనిపించింది. ఎవరైనా చేస్తే బావుణ్ను.

రికార్డింగ్ సంగతి ఇంకా బావుంటుంది. 1974-75 చలికాలంలో, ప్రాగ్‌కి ఉత్తరాన దాదాపు 50 కిలోమీటర్ల దూరంలో హౌస్కా అనే కోటలో రికార్డు చేశారు. ఆ కోటని నరకానికి పోయే బిలం మీద మూతలా కట్టారని అక్కడి జనం చెప్పుకుంటారు. దొంగ రికార్డింగ్‌కి అంతకంటే మంచి స్టూడియో ఏముంటుంది! ఆ కోట సంరక్షకుడు స్వాతోప్లుక్ కరాసెక్, చర్చి పాస్టరు, పాటగాడు కూడా. అందుకే తలుపులు తెరుచుకున్నాయి. స్టూడియోలో చేసింది కాదు కాబట్టి సౌండ్ మసకగా ఉంటుంది, టేపు సొద వినిపిస్తుంది, గొంతు ఒక్కోచోట వెనక గదిలోంచి వచ్చినట్టుంటుంది. క్వాలిటీ కోసం ప్రాణాలిచ్చే ఆడియో పిచ్చోళ్ళు దూరంగా ఉండండి. దేశంలో చేతినుంచి చేతికి టేపుల మీద కాపీలు తిరిగాయి, ఎల్పీగా అచ్చయింది మాత్రం 1978లో, అదీ ఫ్రాన్స్‌లో.

కచేరీలు ఎక్కడ చేశారంటే, పెళ్ళిళ్ళలో. లైసెన్సు లేనివాళ్ళు బయట వాయిస్తే నేరం, పెళ్ళిలో చుట్టాలకి వాయిస్తే ఎవరేమంటారు? అందుకని స్నేహితుల పెళ్ళిళ్ళు పల్లెటూళ్ళలో పెట్టుకుని, నోటిమాటతో కబురు పంపి, జనం రైలు దిగి నడుచుకుంటూ వచ్చేవాళ్ళు. అన్నిసార్లూ పప్పులు ఉడకలేదు. 1974 మార్చిలో బుడ్యెయోవిత్సె ఊరి దగ్గర ఒక కచేరీకి వచ్చిన వందలాది కుర్రకారుని పోలీసులు స్టేషన్ దగ్గరే లాఠీలతో చితక్కొట్టి వెనక్కి పంపారు, చాలామందికి చదువులు పోయాయి. 1976 ఫిబ్రవరిలో మాగోర్ పెళ్ళి జరిగింది, బొయనోవిత్సె అనే ఊళ్ళో, పెద్ద పండగలా. మార్చిలో అరెస్టులు.

ఆ సెప్టెంబర్‌లో కేసు నడిచింది. నేరం రాజద్రోహం కూడా కాదు, అల్లరి. మన భాషలో న్యూసెన్స్ కేసు. మాగోర్‌కి 18 నెలలు, డీజీ 307 అనే ఇంకో బ్యాండ్‌కి చెందిన పావెల్ జాయీచెక్‌కి 12 నెలలు, కోట సంరక్షకుడు కరాసెక్‌కి, శాక్సఫోన్ బ్రాబెనెట్స్‌కి చెరి 8 నెలలు. శిక్షపడ్డ నలుగురిలో ఈ బ్యాండ్‌లో వాయించేవాడు ఒక్కడే! సరిగ్గా అప్పుడే మన దగ్గర ఎమర్జెన్సీ, ఇక్కడా రచయితలు జైళ్ళలో ఉన్నారు. ఇక్కడివాళ్ళు ఎర్రజెండా పట్టినందుకు లోపలికెళ్తే అక్కడివాళ్ళని ఎర్రజెండా ప్రభుత్వమే లోపలేసింది. ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టుకుంటే ఆ అట్టముక్క రాసినవాడికంటే మనకి కొంచెం ఎక్కువ అర్థమవుతుంది.

ఆ కోర్టు గదిలో కూర్చున్నవాళ్ళలో నాటక రచయిత వాత్స్లావ్ హావెల్ ఒకడు. రాజకీయాలతో సంబంధం లేని పొడుగు జుట్టు కుర్రాళ్ళని నచ్చినట్టు వాయించుకున్నందుకు జైల్లో వేస్తున్నారంటే రేపు ఎవరినైనా వేస్తారు అన్నది ఆయన వాదన సారం. వీళ్ళకి అండగా వేర్వేరు దారుల్లో ఉన్న మేధావులు ఒకచోటికి వచ్చారు, 1977 జనవరిలో చార్టర్ 77 ప్రకటన బయటికొచ్చింది, మీరు సంతకాలు పెట్టిన మానవ హక్కుల ఒప్పందాల్ని మీరే పాటించండి అని ప్రభుత్వాన్ని అడగడం దాని పని. ప్రభుత్వం పడిపోయింది 1989లో, అదే డిసెంబర్‌లో హావెల్ అధ్యక్షుడయ్యాడు. మధ్యలో పన్నెండేళ్ళు. ఈ లోపల బ్రాబెనెట్స్‌ని వేధించి 1982లో కెనడాకి వెళ్ళగొట్టారు, 1988లో బ్యాండ్ విడిపోయింది కూడా. అంటే ‘కూల్చిన బ్యాండ్’, కూలే టైమ్‌కి అసలు బ్యాండే కాదు! 1997లో చార్టర్ ఇరవై ఏళ్ళ సందర్భంగా హావెల్ చెప్తే మళ్ళీ కలిశారు, 2001 జనవరిలో హ్లావ్సా క్యాన్సర్‌తో పోయాడు, మిగిలినవాళ్ళు కొనసాగించారు.

ఇక కొనేవాళ్ళకి. 900 ఎక్కువే, 500కి దొరికితే కళ్ళు మూసుకుని తీసుకోండి. సీడీ ప్లేయర్ లేకపోతే స్ట్రీమింగ్‌లో వినొచ్చు, కానీ మెట్రోలో ఇయర్‌ఫోన్స్‌తో వద్దు, ఈ బేస్‌కి గదీ గోడలూ కావాలి. వరసగా వినకుండా ముందు ‘మాగిట్స్‌కే నోట్సి’ పెట్టండి, మాయా రాత్రుల పాట, ఆల్బమ్ మొత్తంలో నాకు నచ్చింది అదే. ప్రాగ్‌లో బతుకుతున్నాం అన్న మాట అందులో తిరిగి తిరిగి వస్తుంటే మెచ్చుకుంటున్నారో ఏడుస్తున్నారో తేలదు. తర్వాత ‘పొదివుహొద్నీ మాండరిన్’. మలబద్ధకం పాట చివరికి పెట్టుకోండి, అదీ ఇంట్లో పెద్దవాళ్ళు లేనప్పుడు, అడిగితే అర్థం చెప్పాల్సొస్తుంది. మాటలు తెలియకపోయినా ఆ తాళం మాత్రం ఎక్కుతుంది. మెలొడీ కోసం వెతికేవాళ్ళు, కారులో లాంగ్ డ్రైవ్‌కి పాటలు కావాల్సినవాళ్ళు జోలికి పోవద్దు.

ఇది పూర్తిగా జీర్ణమైతే తర్వాతది ‘పాషియొవే హ్రీ’, ఏసు శిలువ కథ మీద, 1978లో హావెల్ పల్లెటూరి ఇంట్లో రికార్డు చేసుకున్నది. అది ఇంకా చీకటిగా, ఇంకా గట్టిగా ఉంటుంది, నాకైతే దీనికంటే ఒక మెట్టు పైనే. అదే షాపులో అడిగాను, తెప్పిస్తాడట, 1,500 అంట. మూత పగలకుండా ఉంటే చూద్దామన్నాను.