మూడొందల రెండా, మూడొందల నాలుగా? ప్రాణం పోయిన ఇంటికి ఏ సెక్షన్ మేలు?

"ఎట్లైనా సరే, మూడొందల రెండు పడాల సార్." అనంతపురం కోర్టు ఆవరణలో నేను ఎక్కువసార్లు విన్న మాట ఇదే. అది పాత నేరచట్టం ఐపీసీలో హత్యకు శిక్ష వేసే సెక్షన్. 2024 జులై 1న ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చాక ఆ సెక్షన్ 103గా మారింది. హత్య దాకా పోని నరహత్యకు వాడే మూడొందల నాలుగు 105 అయింది. మా పల్లెల్లో మాత్రం పాత నంబర్లే నోట్లో ఆడుతున్నాయి. ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకు ఐపీసీయే వర్తిస్తుంది కాబట్టి కోర్టులోనూ రెండు చట్టాలూ ఇంకా కొన్నేళ్లు పక్కపక్కనే నడుస్తాయి.

నన్ను బాధపెట్టేది నంబర్ల మార్పు కాదు. 302 పడితే న్యాయం జరిగినట్టు, 304 పడితే ఎవరో డబ్బు తిన్నట్టు జనం నమ్మేస్తున్నారు. ఆ నమ్మకంతో కన్నవాళ్లే తమ కేసును చెడగొట్టుకోవడం కళ్లారా చూశాను.

మనిషి చేతిలో మనిషి పోతే అది నరహత్య. అందులో శిక్షించదగినది నేరపూరిత నరహత్య. దాంట్లోంచి ఏరి తీసిన బరువైన రకమే హత్య. హత్యలన్నీ నేరపూరిత నరహత్యలే గానీ, నేరపూరిత నరహత్యలన్నీ హత్యలు కావు. 103 కింద శిక్ష మరణదండన లేదా యావజ్జీవం. 105లో రెండు మెట్లున్నాయి. చంపాలనో, చావు తెచ్చేంత గాయం చేయాలనో ఉద్దేశం ఉంటే యావజ్జీవం, లేదా ఐదు నుంచి పదేళ్లు. ఉద్దేశం లేకున్నా, ప్రాణం పోవచ్చని తెలిసి చేస్తే పదేళ్ల వరకు.

వేరుశనగ చేలో బోరు నీళ్ల దగ్గర ఇద్దరు దాయాదులు మాటా మాటా అనుకున్నారనుకోండి. చేతిలో ఉన్న పార కామతో ఒకడు ఒక్క దెబ్బ కొట్టాడు. రెండోవాడు మూడో రోజు ఆస్పత్రిలో పోయాడు. ముందు అనుకున్నది లేదు, హఠాత్తుగా జరిగిన కొట్లాట, ఆవేశం, అదను చూసి క్రూరంగా కొట్టిందీ లేదు. ఈ నాలుగూ కుదిరితే చట్టంలోని మినహాయింపు కింద అది 105కి దిగుతుంది. అదే మనిషి ఇంటికెళ్లి కొడవలి తెచ్చి, దారి మలుపులో కాపు కాసి నరికితే 103 నుంచి తప్పించుకోవడం కష్టం. పోయిన ప్రాణం రెండు చోట్లా ఒకటే. కొట్టినవాడి మనసులో ఏముందన్న దగ్గరే తేడా. ఆ మనసును జడ్జి ఆయుధాన్ని బట్టి, దెబ్బ తగిలిన చోటును బట్టి, ఎన్ని దెబ్బలన్నదాన్ని బట్టి, పాత పగను బట్టి చదువుతాడు.

"తల మీద కొట్టలేదు కదా, 302 ఎట్లా పడుతుంది?" అని ముద్దాయి తరఫువాళ్లు అడుగుతుంటారు. దీనికి జవాబు మన తెలుగు నేల నుంచే వచ్చింది. 1968లో గుంటూరు జిల్లా రొంపిచర్లలో, గ్రామ కక్షల్లో ఒక మనిషిని బరువైన కర్రలతో చేతుల మీదా కాళ్ల మీదా కొట్టారు. 19 గాయాలు. మర్నాటికి ప్రాణం పోయింది. మర్మస్థానాల మీద దెబ్బ లేదని హైకోర్టు దాన్ని 304 రెండో భాగానికి, అంటే పైన చెప్పిన రెండో మెట్టుకు తగ్గించింది. సుప్రీంకోర్టు 1976లో రాయవరపు పున్నయ్య కేసు తీర్పులో మళ్లీ 302 కిందికే తెచ్చింది. కావాలని చేసిన ఆ గాయాలన్నీ కలిసి, మామూలుగా ఎవరినైనా చంపడానికి సరిపోతాయన్నది ఆ తీర్పులోని కీలకం. మన వైపు "కాళ్లు విరగ్గొట్టండి చాలు" అని మనుషుల్ని పంపేవాళ్లు ఈ తీర్పు తెలుసుకోవాలి.

దెబ్బల లెక్క కూడా ఒక్కటే చాలదు. 1958 నాటి విర్సా సింగ్ కేసులో కడుపులో దిగింది ఒకే ఒక్క బల్లెం పోటు. అయినా అది హత్యే అంది సుప్రీంకోర్టు.

మరి ఇంటివాళ్లకు ఏది మేలు? పోలీసులు 103 పెట్టి కేసు నడిపినా, సాక్ష్యం అంతవరకు రాకపోతే జడ్జి అదే విచారణలో 105 కింద శిక్ష వేయగలరు. కాబట్టి వాస్తవాలు బలంగా ఉన్నచోట 103 అడగడంలో నష్టం లేదు. నష్టమంతా వాస్తవాలకు రంగు పూయడంలో ఉంది. నా దగ్గరికి వచ్చిన ఒక కుటుంబం, కొట్టింది ముగ్గురైతే ఫిర్యాదులో పదకొండు మంది పేర్లు రాయించింది. అందులో ఒకాయన ఆ పూట బెంగళూరులో ఉన్నాడు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో అది బయటపడ్డాక, అసలు కొట్టిన ముగ్గురి మీద చెప్పిన సాక్ష్యాన్నీ జడ్జి నమ్మలేకపోయారు. అందరూ విడుదలయ్యారు. ముసలి తండ్రి మెట్ల మీద కూలబడి "చూసిందే చెప్పుంటే అయిపోయేది కదా సార్" అన్నప్పుడు నాకు మాట రాలేదు. ఉన్నది ఉన్నట్టు రాసి 105 కింద గెలిచిన కేసు, అల్లి చెప్పి 103 దగ్గర కూలిన కేసు కంటే వెయ్యి రెట్లు మేలు.

హైవే చావులది వేరే కథ. 44వ నంబరు జాతీయ రహదారి కర్నూలు, అనంతపురం జిల్లాల మీదుగా పోతుంది కాబట్టి ఇవి మాకు కొత్త కాదు. నిర్లక్ష్యంగా నడిపి చంపితే 106 ఒకటో భాగం, ఐదేళ్ల వరకు జైలు. పాత 304ఏలో ఇది రెండేళ్లే. ఢీకొట్టి చెప్పకుండా పారిపోతే పదేళ్ల వరకు అనే రెండో భాగం కూడా రాశారు గానీ, చట్టాన్ని అమల్లోకి తెచ్చినప్పుడు దాన్ని పక్కన పెట్టారు. తాగి నడిపిన బండి అయితే 105 అడగొచ్చు. 2006లో ముంబై కార్టర్ రోడ్డులో ఫుట్‌పాత్ మీద నిద్రపోతున్న ఏడుగురు కూలీల ప్రాణం తీసిన కారు కేసులో 304 రెండో భాగాన్ని సుప్రీంకోర్టు 2012లో నిలబెట్టింది. అయితే ప్రాణాలు పోవచ్చని డ్రైవరుకు తెలుసని రుజువు కావాలి. రక్త పరీక్ష వెంటనే జరగకపోతే ఆ దారి దాదాపు మూసుకుపోతుంది. 106 అని రాస్తే పరిహారం తగ్గుతుందేమోనన్న టెన్షన్ మాత్రం వద్దు. మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ ఆ లెక్క వేరుగా చూస్తుంది.

ఆడబిడ్డ అత్తింట్లో చనిపోతే మాత్రం నేను వెంటనే 103 అనను. నాలుగ్గోడల మధ్య జరిగిన చావుకు చూసిన సాక్షి ఎక్కడ దొరుకుతాడు? కట్నం చావులకు పెట్టిన 80వ సెక్షన్, అంటే పాత 304బీ, ఇక్కడ చాలాసార్లు బలమైన ఆసరా. పెళ్లైన ఏడేళ్లలోపు, కాలిన గాయాలతోనో మరో అసహజ రీతిలోనో చావు జరగాలి. దానికి కొద్ది ముందు కట్నం కోసం వేధించినట్టు చూపాలి. ఇవి రుజువైతే తప్పు చేయలేదని చూపించుకోవాల్సిన బరువు అత్తింటివాళ్ల మీద పడుతుంది. శిక్ష ఏడేళ్లకు తగ్గదు, యావజ్జీవం దాకా పోవచ్చు. గొంతు మీద గుర్తుల్లాంటి హత్య ఆనవాళ్లు పోస్టుమార్టంలో కనిపిస్తే 103 కూడా చేర్చమని పట్టుబట్టాలి. రెండు అభియోగాలూ కలిసి నడవొచ్చు.

ఇలాంటి చావుల్లో శవపంచనామాకు తహసీల్దారు వస్తారు. ఏడుపులో ఉన్నా సరే, కట్నం అడిగిన సంగతి ఆయనకు అప్పుడే చెప్పాలమ్మా. ఎవరు అడిగారు, ఎప్పుడు, ఎంత, ఎవరి ఎదుట అన్నది వాంగ్మూలంలో పడేలా చూసుకోవాలి. ఫోన్‌లో బిడ్డ పంపిన మెసేజీలు చెరపకుండా అట్లే ఉంచాలి. నెలలు గడిచాక గుర్తుచేసుకొని చెబితే, అవతలి ప్లీడరు బోనులో వేసే మొదటి ప్రశ్న "ఆ రోజే ఎందుకు చెప్పలేదు?" అన్నదే.