గ్రూపు ఎంపికకు సలహా: తిరుపతిలో 1,800 రూపాయలకు దొరికినదీ, దొరకనిదీ

మా అమ్మాయి పదో తరగతి పూర్తిచేసింది. ఇంజనీరింగ్ చదవాలన్న ఆమె కోరికకు ఇంటర్మీడియట్‌లో ఏ సబ్జెక్టులు తీసుకోవాలో తేల్చుకోవడానికి మేము చిత్తూరు నుంచి తిరుపతికి వెళ్లి, రుసుము తీసుకొని సలహా ఇచ్చే ఒక కేంద్రంలో ఉదయం తొమ్మిదిన్నర నుంచి మధ్యాహ్నం భోజనాల వేళ దాకా ఉన్నాము. రుసుము 1,800 రూపాయలు. గణితం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం కలిసిన గ్రూపును ఎంపీసీ అంటారు. "ఎంపీసీ అని చెప్పడానికి అంత డబ్బా? ఆ మాట బస్టాండులో టీ కొట్టు అతను కూడా చెబుతాడు" అని మా బావమరిది నవ్వాడు. ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. అయినా 2025-26 నుంచి ఇంటర్ సబ్జెక్టుల అమరిక మారడంతో, మాకు తెలిసిన పాత ఎంపీసీకీ ఇప్పుడు పిల్లలు చేరుతున్న ఎంపీసీకీ తేడా ఉందని గ్రహించి, తెలిసినవారి చేత చెప్పించుకోవడమే మేలనుకున్నాము.

సేవ మూడు భాగాలుగా ఉంటుంది: మొదట కంప్యూటర్ మీద అభిరుచి పరీక్ష, తర్వాత ఒక అధ్యాపకుడితో ముఖాముఖి, చివర ముద్రించి ఇచ్చే నివేదిక. అభిరుచి పరీక్ష గురించి ఎక్కువ రాయవలసింది లేదు. "యంత్రాలు ఎలా పనిచేస్తాయో తెలుసుకోవడం మీకు ఇష్టమేనా" వంటి ప్రశ్నలకు, ఇంజనీరింగ్ చదవాలని ముందే నిశ్చయించుకొని వచ్చిన పిల్ల ఏమని జవాబిస్తుందో ఊహించడానికి కంప్యూటర్ అక్కరలేదు. ముప్పావు గంట గడిచాక ఆమెకు ఇంజనీరింగ్ అనుకూలమని తెరమీద కనిపించింది.

అసలు విలువ రెండో భాగంలో ఉంది. విశ్రాంత గణిత అధ్యాపకులు ఒకరు మాతో గంటకు పైగా మాట్లాడారు. ఆయన ఆ పరీక్ష ఫలితాన్ని తెరిచి చూడలేదు. మార్కుల జాబితాను ఒక్కసారి చూసి పక్కన పెట్టి, తెల్లకాగితం మీద మూడు లెక్కలు రాసి మా అమ్మాయి ముందుకు జరిపారు. అవి పదో తరగతి పాఠాల్లోని త్రికోణమితి, శ్రేఢులు, వర్గ సమీకరణాలే కానీ, పుస్తకంలో ఉన్న రూపంలో లేవు. మొదటిది అయిదు నిమిషాల్లో తేలింది. రెండోదాని దగ్గర పిల్ల ఆగిపోయింది. ఆయన సాయం చేయలేదు, తొందరపెట్టలేదు. నన్ను కూడా మాట్లాడవద్దని సైగ చేశారు. ఇరవై నిమిషాల తర్వాత ఆమె వేరే దారి పట్టి సగం దాకా వచ్చింది, జవాబు మాత్రం రాలేదు. "జవాబు రాకపోయినా ఫరవాలేదమ్మా, కలం కింద పెట్టలేదు కదా, నేను చూడాలనుకున్నది అదే" అన్నారు. ఎంపీసీ తీసుకునే పిల్లల్లో పదో తరగతి గణితంలో 95 దాటినవారు కొల్లలుగా ఉంటారనీ, కలనగణితం (కాలిక్యులస్), మాత్రికలు, సదిశలు (వెక్టర్లు) ఒక్కసారిగా మీద పడినప్పుడు నిలబడేది మార్కులను బట్టి కాదనీ, రాని లెక్క ముందు ఎంతసేపు కూర్చోగలరన్నదాన్ని బట్టి అనీ ఆయన వివరించారు. గ్రూపు ఎంపికకు ఇంతకంటే సూటి పరీక్ష నాకు ఎక్కడా కనబడలేదు. మార్కులు చూసి ఎంపీసీలో, ర్యాంకు కార్డు చూసి బ్రాంచిలో పిల్లలను వేసే మన అలవాటు గుర్తొచ్చి కొంత సిగ్గు కూడా కలిగింది.

తర్వాత ఆయన మూడు సబ్జెక్టులనూ ప్రవేశ పరీక్షల వైపు నుంచి లెక్కగట్టి చూపారు. మన రాష్ట్ర ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్‌లో ఇంజనీరింగ్ విభాగానికి 160 ప్రశ్నలు. గణితం 80, భౌతికశాస్త్రం 40, రసాయనశాస్త్రం 40. సమయం మూడు గంటలు. అంటే ఒక్కో ప్రశ్నకు నిమిషం పైన ఏడెనిమిది సెకన్లే దొరుకుతాయి. కంప్యూటర్ సైన్స్ చదవబోయేవారికి రసాయనశాస్త్రం ఎందుకని నేను అమాయకంగా అడిగితే, "సీటు ఇప్పించేది అదే సార్" అన్నారు. చదివి గుర్తుంచుకున్న పిల్లలు ఆ 40 ప్రశ్నలను అరనిమిషం చొప్పున ఇరవై నిమిషాల్లో ముగించి, మిగిలిన 160 నిమిషాలను 120 ప్రశ్నలకు పంచుకుంటారు; రసాయనశాస్త్రాన్ని చిన్నచూపు చూసినవారికి గణితంలో ఎంత ప్రతిభ ఉన్నా ఆ తీరిక ఉండదు. భౌతికశాస్త్రం విషయంలో ఆయన ఇచ్చిన హెచ్చరిక నాకు పూర్తిగా కొత్తది: మొదటి సంవత్సరం మొదటి వారాల్లోనే చలనం, బలాల పాఠాలకు సదిశలూ అవకలనమూ (డిఫరెన్షియేషన్) అవసరమవుతాయి, గణితం తరగతిలో మాత్రం అవి అప్పటికి మొదలై ఉండవు, అందువల్ల వేసవిలోనే ఆ రెండు అంశాల ప్రాథమిక భాగం నేర్చుకొని వెళితే భౌతికశాస్త్రం అర్థం కాదన్న భయం పుట్టకుండానే పోతుంది. ఈ ఒక్క మాటకే రుసుములో సగం చెల్లిపోయిందని నా అభిప్రాయం.

ఏ పరీక్షను దృష్టిలో పెట్టుకోవాలన్న ప్రశ్నకు ఆయన మన ఊళ్లనే ఉదాహరణగా తీసుకున్నారు. తిరుపతిలోని ఎస్వీ యూనివర్సిటీ ఇంజనీరింగ్ కళాశాలలో చేరడానికి ఈఏపీసెట్ ర్యాంకు కావాలి, అందులో తప్పు జవాబుకు మార్కులు తగ్గవు, ర్యాంకు కట్టడంలో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉంటుంది. అదే జిల్లాలో ఏర్పేడు దగ్గరున్న ఐఐటీలో చేరాలంటే జాతీయ స్థాయి ప్రవేశ పరీక్షలైన జేఈఈ మెయిన్, ఆపైన అడ్వాన్స్‌డ్ రాయాలి, మెయిన్‌లో తప్పు జవాబుకు ఒక మార్కు పోతుంది. సబ్జెక్టులు అవే మూడు, చదవవలసిన తీరు వేరు. మరొక సంగతి కూడా చెప్పారు. ఐఐటీ, ఎన్ఐటీ సీట్లకు జనరల్ అభ్యర్థులు ఇంటర్‌లో 75 శాతం తెచ్చుకోవాలి, లేదా బోర్డులో మొదటి 20 పర్సెంటైల్‌లో ఉండాలి. ఆ లెక్కలో భాషా సబ్జెక్టు మార్కులు కూడా కలుస్తాయి కాబట్టి, ఇంగ్లీషును పరీక్ష ముందు వారం చూసుకుందామనుకోవడం తెలివి కాదు.

ఎంపీసీకి జీవశాస్త్రం కలిపిన ఎంబైపీసీ మీద జరిగిన చర్చ మాకు అన్నిటికంటే అవసరమైనది. మా అమ్మకు మనవరాలు డాక్టరు కావాలని కోరిక. కొత్త విధానంలో రెండో భాష స్థానంలో జీవశాస్త్రాన్ని ఎలెక్టివ్‌గా తీసుకుంటే గణితమూ జీవశాస్త్రమూ రెండూ ఉంటాయి కాబట్టి, "రెండు దారులూ తెరిచి ఉంచరా నాయనా" అని ఆమె నన్ను సాగనంపింది. అధ్యాపకులు దీన్ని తోసిపుచ్చలేదు. బయోటెక్నాలజీ, బయోమెడికల్ వంటి బ్రాంచీల మీద నిజమైన ఆసక్తి ఉన్నవారికి అది మంచి కలయికే అన్నారు. అయితే ఈఏపీసెట్ ఇంజనీరింగ్ ర్యాంకులో జీవశాస్త్రానికి ఒక్క మార్కూ లేదనీ, తెలుగుకో సంస్కృతానికో పట్టే సమయానికీ జీవశాస్త్రానికి పట్టే సమయానికీ పోలిక లేదనీ, ఆ గంటలు గణితం నుంచే తీయవలసి వస్తుందనీ చెప్పి, నిర్ణయం మాకే వదిలారు. ఎంపీసీ అంటే కంప్యూటర్లేనా అని మా అమ్మాయి అడిగినప్పుడు, వ్యవసాయ ఇంజనీరింగ్ గురించీ, తిరుపతిలోనే పశువైద్య విశ్వవిద్యాలయం కింద ఉన్న డెయిరీ టెక్నాలజీ కళాశాల గురించీ చెప్పారు. పాల వ్యాపారానికి పేరున్న జిల్లాలో పుట్టి పెరిగిన నాకు ఆ బీటెక్ సంగతి అప్పటిదాకా తెలియదు.

మూడో భాగమైన నివేదిక మాత్రం నిరాశపరిచింది. పద్నాలుగు పేజీల రంగుల కాగితాల్లో మొదటి సంవత్సరం గణితాన్ని ఇంకా వన్ ఏ, వన్ బీ అని 75 మార్కుల చొప్పున రెండు పేపర్లుగా చూపారు. ఇప్పుడు ఉన్నది 100 మార్కుల ఒకే పేపరు, పాఠాలు ఎన్‌సీఈఆర్‌టీవి. ముఖాముఖిలో అంత శ్రద్ధగా చెప్పిన చోటనే ఇంత పాత పట్టిక అచ్చువేసి ఇవ్వడం క్షమించరాని అలసత్వం. ఎత్తిచూపితే, సాఫ్ట్‌వేర్ మార్చాలి సార్ అన్నారు. ఇంటర్ కాకుండా ఇంజనీరింగ్‌కు చేరే దారుల ఊసే అందులో లేదు. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ రాసి మూడేళ్ల డిప్లొమా చదివి, డిప్లొమా చదివినవారి ప్రవేశ పరీక్ష ఈసెట్ ద్వారా బీటెక్ రెండో సంవత్సరంలో చేరవచ్చు. పదో తరగతి మార్కులతోనే ఇడుపులపాయ వంటి ట్రిపుల్ ఐటీల్లో ఆరేళ్ల చదువుకు దరఖాస్తు చేసుకోవచ్చు. ఖర్చు గురించి ఆలోచించే కుటుంబాలకు మొదట చెప్పవలసినవి ఇవే. వాటికి బదులు చివరి రెండు పేజీల్లో ఒక రెసిడెన్షియల్ కళాశాల ప్రకటన ఉంది. మేము లేచి వస్తుండగా ముందుగదిలోని అమ్మాయి అదే కళాశాల దరఖాస్తును చేతిలో పెట్టి, ఈ వారం చేరితే ఫీజులో రాయితీ ఉందని చెప్పింది. అధ్యాపకులకు ఇందులో ప్రమేయం ఉన్నట్టు నాకు అనిపించలేదు, కానీ సలహా ఇచ్చే చోటే సీటు కూడా అమ్మితే విన్న సలహా మీద అనుమానం రాక మానదు.

అయిదుకు మూడు ఇస్తున్నాను. ముఖాముఖి ఒక్కటే అయితే నాలుగున్నర ఇచ్చేవాణ్ణి. మా అమ్మాయి ఎంపీసీలోనే, రెండో భాషగా తెలుగుతో చిత్తూరులో చేరింది. వేసవిలో మిగిలిన మూడు వారాలూ సదిశల మీద కూర్చుంది. వెళ్లదలచినవారు పిల్లల గణితం నోటుపుస్తకం వెంట తీసుకువెళ్లండి, ఆయన మొదట అడిగింది అదే, మేము తీసుకువెళ్లలేదు. అభిరుచి పరీక్ష వద్దంటే రుసుము తగ్గిస్తారేమో ముందే ఫోనులో అడగండి. ఆ అధ్యాపకులు మధ్యాహ్నం ఒంటిగంట దాకే ఉంటారు, ఆ తర్వాత వచ్చినవారితో మాట్లాడేది ముందుగదిలోని అమ్మాయే.